కళ్ళము నుండి కంచము వరకు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘమున వ్యాపార నిర్వహణమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని యీ విషయము మన వంటయింటికి మిక్కిలి దగ్గరిది. ‘ఆపరేషన్స్’ అనగా ఉన్న మనుష్యులను, యంత్రములను, సరకును, కాలమును పొందికగా వినియోగించి పని నెరవేర్చుట. ‘సప్లై చెయిన్’ అనగా సరకు పుట్టిన చోటు మొదలు దానిని అనుభవించువాని చేతి వరకు గల గొలుసు. మొదటిది ఒక్కొక్క లంకెను చక్కగా నడుపు విద్య. రెండవది లంకెల నన్నిటిని కూర్చి నడుపు విద్య. ఈ విద్యను కర్మాగారముల ఉదాహరణములతో బోధించుట పరిపాటి. నేను మనకందరకు తెలిసిన బియ్యమునే తీసికొందును.

గోదావరి డెల్టాలో దాళ్వా పంట కోతకు వచ్చినది. ప్రభుత్వ కొనుగోలునకు వచ్చు ధాన్యములో తేమ నూటికి 17 పాళ్ళు మించరాదు; మించినచో రైతు మరల ఎండబెట్టుకొనవలెను. మిల్లువాడు 100 కిలోల ధాన్యమునకు 67 కిలోల పచ్చి బియ్యము అప్పగింపవలెను. ఆ బియ్యము గోనెసంచుల కెక్కి గిడ్డంగికి, గిడ్డంగి నుండి రైలులో మరొక రాష్ట్రమునకు, అటనుండి లారీలో చౌకధరల దుకాణమునకు చేరును.

ఇందు మొదటి సూత్రము: అన్నిటికంటె మెల్లగా నడచు లంకె వేగమే గొలుసంతటి వేగము. మిల్లు దినమునకు వేయి బస్తాలు ఆడగలిగినను, గోనెసంచులు అయిదు వందలే దొరికినచో, గిడ్డంగి చేరునవి అయిదు వందలే. అప్పుడు మిల్లులో క్రొత్త యంత్రము పెట్టినందువలన ప్రయోజనము లేదు. అందుచేత మంచి నిర్వాహకుడు తనిఖీకి పోయినపుడు సరకు ఎచట కుప్పపడియున్నదో మొదట చూచును. అడ్డంకి ఆ కుప్పకు ముందరనే యుండును.

రెండవది నిలువ. మన పెద్దలు గాదెలలో, పురులలో, పాతరలలో ధాన్యము దాచిరి. నిలువకు అద్దె, వడ్డీ, ఎలుకలు, పురుగులు అను ఖర్చులు గలవు. నిలువ లేకున్నచో ఒక తుపాను చాలును, పొయ్యి ఆరుటకు. జపానులోని టొయోటావారు కావలసిన వేళకే విడిభాగములు వచ్చునట్లు ఏర్పరచి, నిలువను మిక్కిలి తగ్గించిరి. కాని మోటారు కారు ఒక వారము ఆగవచ్చును, అన్నము ఆగరాదు. కేంద్ర ప్రభుత్వము 2015లో నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము ధాన్యపు నిలువ జనవరి 1 నాటికి 214 లక్షల టన్నులు, జూలై 1 నాటికి 411 లక్షల టన్నులు ఉండవలెను. ఈ తేడాకు కారణము వేసవిలో చేతికి వచ్చు గోధుమ పంట. నిలువ కొలత పంటల పంచాంగము ననుసరించును. ముందు వచ్చిన బస్తా ముందు పోవలెననుట గిడ్డంగి ధర్మము.

మూడవది సమాచారము. బియ్యము దొరకవన్న పుకారు పుట్టినదనుకొందము. గృహిణి ఒక బస్తాకు బదులు రెండు కొనును. దుకాణదారు నాలుగు తెప్పించును. టోకు వర్తకుడు ఎనిమిదింటికి వ్రాయును. తినువారెవ్వరును ఒక ముద్ద అధికముగా తినలేదు. చేయి కొంచెము కదలిన కొరడా కొన ఎంతో ఊగునట్లు, చిన్న కదలిక గొలుసు చివరకు పెద్ద అలజడి యగును. దుకాణమున నిజముగా అమ్ముడైన లెక్క గొలుసులోని వారందరకు తెలియుటయే దీనికి మందు.

గొలుసును త్రెంచిన నేమగునో వంగదేశము చూచినది. 1942లో జపానువారు బర్మాను ఆక్రమింపగా, శత్రువునకు చిక్కరాదని, తీరప్రాంతములలో పదిమందికి మించి ఎక్కగల పడవలను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను, లేదా నాశనము చేసెను. బర్మా బియ్యము నిలిచిపోయెను. ఆ యక్టోబరులో తుపాను వచ్చెను. ధరలు ఆకాశమంటెను. 1943 నాటి కరువున మరణించినవారు సుమారు 15 లక్షలని విచారణ సంఘము అంచనా వేసెను. 30 లక్షల వరకు నుండునని తరువాతి పండితులు కొందరు చెప్పిరి. తిండిగింజల కొరతకంటె బీదవారికి కొనుశక్తి నశించుటయే ముఖ్య కారణమని అమర్త్య సేన్ 1981లో వాదించెను. ఏమైనను, నదులే దారులైన దేశమున పడవ పోవుటతో బెస్తవానికి జీవనము, పల్లెకు దారి రెండును పోయినవి.

ఆ నదులమీదనే మరొక కథ జరిగినది. 2014లో అస్సాములో రైలుమార్గపు వెడల్పు మార్చు పని రానున్నందున, త్రిపురకు బియ్యము ఆగకుండుటకై ఫుడ్ కార్పొరేషన్ వారు బంగ్లాదేశములోని అశుగంజ్ నదీరేవునకు ఓడలలో బియ్యము పంపి, అటనుండి లారీలలో అగర్తలకు చేర్చిరి. దారి మూసికొనుటకు ముందే మరొక దారి వెదకుట సరఫరా విద్యకు సారము. ఆ కార్పొరేషన్ 1964 నాటి చట్టముచే 1965 జనవరిలో ఏర్పడినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము అర్హులకు తలకు నెలకు 5 కిలోల ధాన్యము హక్కుగా నిచ్చినది. హక్కు కాగితము మీదిది. దానిని కంచములోనికి తెచ్చునది యీ గొలుసు.

మనలో పెక్కుమందిమి ధాన్యమును తాకము; ఫైలును తాకుదుము. కాని వాగన్ల కేటాయింపు, గోనెసంచుల కొనుగోలునకు అనుమతి, మిల్లు బిల్లుల చెల్లింపు, ఇవియు లంకెలే. మన బల్లమీద ఫైలు మూడు దినములు నిలిచినచో ఎచటనో ధాన్యము కళ్ళములో మూడు దినములు నిలుచును. ఆ మూడు దినములలో వాన రావచ్చును. సరకు కుప్పపడిన చోటు వెదకువారు మన బల్లలను గూడ చూడవలెనని నా మనవి.