మా బిడ్డ ఎకనామిక్స్ నోట్‌బుక్‌లో నా దోహా జీతం

  నాది జగిత్యాల దగ్గర ఊరు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశాను. 2006లో దోహా పోయాను, పదిహేనేళ్లు అక్కడే. 2021లో మా ఆవిడకు ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం వస్తే అందరం లెస్టర్ వచ్చాం. ఇప్పుడు ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌ని. పిల్లలకు ఏ గ్రూపు ఇప్పించాలని చాలామంది అడుగుతున్నారట, మీ ఇంట్లో జరిగింది చెప్పండి అన్నారు. నేను సార్‌ను కాదు, సైట్ మీద మాట్లాడినట్టే మాట్లాడతా.

ఇక్కడ పదహారేళ్లకు జీసీఎస్ఈ అయిపోతుంది, మన టెన్త్ లాగ. ఆ తర్వాత రెండేళ్లు సిక్స్త్ ఫామ్. పేరు చూసి ఆరో తరగతి అనుకోకండి, మా అమ్మ ఇప్పటికీ అట్లనే అనుకుంటది. అది మన ఇంటర్ లాంటిది. కాకపోతే ఎంపీసీ, బైపీసీ అని కట్ట కట్టి ఇవ్వరు. మామూలుగా మూడు సబ్జెక్టులు పిల్లలే ఏరుకుంటారు, వాటిని ఏ-లెవెల్స్ అంటారు. రెండేళ్లు చదివింది మొత్తం చివర్లో ఒక్కసారే పరీక్ష రాయాలి.

మా పాప 2024లో చేరింది. నేను ముందే తేల్చేశాను: మ్యాథ్స్, కెమిస్ట్రీ, బయాలజీ. తల్లి నర్సు, బిడ్డ డాక్టర్ అయితే బాగుంటుందని నా లెక్క. ఐదు వారాలు పోయింది. ఒకరోజు రాత్రి నేను బూట్లు విప్పుతుంటే వచ్చి, "డాడీ, బయాలజీ తీసేసి ఎకనామిక్స్ తీసుకుంటా" అంది. నాకు కోపం వచ్చింది. మా కాలంలో ఎంపీసీ, బైపీసీ దొరకనోళ్లు సీఈసీలో, హెచ్ఈసీలో చేరేవాళ్లు. ఎకనామిక్స్ అంటే నా బుర్రలో అదే బొమ్మ. "ఇంత దూరం తీసుకొచ్చింది దీనికేనా" అన్నాను. తను ఏం మాట్లాడలేదు. వాళ్లమ్మే కాలేజీకి మెయిల్ పెట్టి మార్పించింది. నేను వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది.

సరే, ఆ చదువులో ఏముంటుందో చెప్తా. వాళ్ల బోర్డుకు మూడు పేపర్లు, ఒక్కోటి రెండు గంటలు, వంద మార్కులు. ఒకటి మైక్రో, అంటే ఒక సరుకు ధర, ఒక కంపెనీ, ఒక జీతం ఎట్ల తేలుతాయి అనేది. ఇంకోటి మాక్రో, దేశం మొత్తం లెక్క. మూడో పేపర్లో రెండూ కలిసి వస్తాయి. బట్టీ పడితే నడవదు. 25 మార్కుల ప్రశ్నలో 16 విషయానికి, 9 దాన్ని మళ్లీ మనమే ప్రశ్నించినందుకు. ఇది నాకు మొదట అర్థం కాలేదు, అందుకే గొడవైంది.

పోయిన చలికాలంలో డైనింగ్ టేబుల్ మీద తన వ్యాసం కనిపించింది. వలస కార్మికులు ఎక్కువ వస్తే శ్రామికుల సరఫరా పెరిగి వేతనాలు తగ్గుతాయని రాసింది. గీత కూడా గీసింది. నా ఒళ్లు మండింది. "మనమే వలసొచ్చినోళ్లం, మన మీదే రాస్తున్నవా?" అని అరిచాను. "పేజీ తిప్పు డాడీ" అంది. తిప్పితే రెండోవైపు ఉంది. వచ్చినవాళ్లు పని చేయడమే కాదు, అద్దె కడతారు, బియ్యం కొంటారు, బస్సెక్కుతారు, అంటే డిమాండ్ కూడా పెరుగుతుంది. పనులు ఇన్నే ఉంటాయి, ఒకడికి దొరికితే ఇంకొకడికి పోతుంది అనుకోవడం తప్పని కూడా రాసింది. నేను కుర్చీలో కూర్చున్నాను. తను కెటిల్ పెట్టింది.

అప్పుడే అడిగింది, "దోహాలో నీ జీతం ఎట్ల ఫిక్స్ చేసేవాళ్లు?"

2011లో నాకు 1,900 రియాళ్లు. ఇంకో కాంట్రాక్టర్ నా పని చూసి 2,800 ఇస్తానన్నాడు. మా కంపెనీ ఎన్‌ఓసీ ఇవ్వలేదు. పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గరే. ఎన్‌ఓసీ లేకుండా దేశం విడిచి పోతే రెండేళ్లు మళ్లీ రాకూడదని అప్పటి చట్టం. పాపకు అప్పుడు మూడేళ్లు, కరీంనగర్‌లో ఇంటి అప్పు ఉంది. ఉండిపోయాను. ఇది ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు. చెప్పుకునేదేముంది, అందరి కథా అదే కదా.

తను నా జేబులో ఉన్న డెలివరీ నోట్ తీసుకొని వెనక గీతలు గీసింది. దీన్ని మోనాప్సనీ అంటారంది. 1933లో జోన్ రాబిన్సన్ అనే ఆవిడ తన పుస్తకంలో వాడిన మాటట. మోనోపలీ అంటే అమ్మేవాడు ఒక్కడే, మోనాప్సనీ అంటే కొనేవాడు ఒక్కడే. మార్కెట్ యార్డులో ఒక్క సేటే ఉంటే మన పసుపుకు ఏ ధర పలుకుతుందో ఆలోచించండి. అక్కడ పసుపు, ఇక్కడ మన పని. వేరే దగ్గరికి పోయే దారి లేనప్పుడు కంపెనీ ఎంతిస్తే అదే జీతం. రెండు గీతల మధ్య ఖాళీ చూపించి, "ఇదే నీ తొమ్మిది వందలు డాడీ" అంది.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. తెల్లారి స్టోర్స్‌లో డెలివరీ నోట్ ఏదని అడిగితే పోయిందని చెప్పాను.

ఇంకో మాట చెప్పింది. మామూలు మార్కెట్‌లో కనీస వేతనం పెడితే ఉద్యోగాలు తగ్గొచ్చని పుస్తకం గీత. కాని మోనాప్సనీలో కనీస వేతనం పెడితే జీతమూ పెరగొచ్చు, ఉద్యోగాలూ పెరగొచ్చు. ఖతార్ 2020లో ఎన్‌ఓసీ తీసేసింది, 2021 మార్చి నుంచి వెయ్యి రియాళ్ల కనీస వేతనం పెట్టింది. తిండి, వసతి కంపెనీ ఇవ్వకపోతే ఇంకో 300, 500. ఆ వార్త అప్పుడు వాట్సాప్‌లో చూసి నేను పక్కకు జరిపాను. తను అడిగితే గాని అది నా గురించేనని తట్టలేదు.

మారకం రేటు పాఠం మాత్రం నేనే చెప్పాను. 2013 ఆగస్టులో డాలర్ 68 రూపాయలు దాటినప్పుడు ఎక్స్చేంజ్ ముందు లైన్లు ఎట్లున్నాయో, అప్పు చేసి మరీ డబ్బు పంపినోళ్లు ఎంతమందో. రియాల్‌ను డాలర్‌కు 3.64 దగ్గర కట్టేశారు కాబట్టి డాలర్ పెరిగితే రియాల్ కూడా పెరిగినట్టే. తను నోట్స్ రాసుకుంది. నా ఐటీఐ సర్టిఫికెట్ కంటే ఆ అరగంటకే నాకు ఎక్కువ గౌరవం దొరికింది.

తల్లిదండ్రులకు పనికొచ్చేది ఒకటి. మధ్యలో మా పాప మ్యాథ్స్ కష్టంగా ఉంది, వదిలేస్తానంది. పేరెంట్స్ ఈవెనింగ్‌లో టీచరమ్మ ఆపింది. ఎల్‌ఎస్‌ఈ, కేంబ్రిడ్జ్ లాంటి చోట డిగ్రీలో ఎకనామిక్స్ చదవాలంటే ఏ-లెవెల్ మ్యాథ్స్ ఉండాల్సిందే. ఏ-లెవెల్ ఎకనామిక్స్ లేకపోయినా తీసుకుంటారట! మన గుంపులో ఎంతమందికి తెలుసో గాని నాకైతే తెలియదు. ఫీజు సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ స్థిరనివాసం ఉన్న పిల్లలకు 2025లో ఏడాదికి 9,535 పౌండ్లు, బయటి పిల్లలకు చాలా చోట్ల దానికి రెండింతల పైనే. మా ఐఎల్ఆర్ ఇంకా రాలేదు. దాని గురించి రాత్రిళ్లు లెక్కలు వేస్తూనే ఉన్నాం.

గడువు లోపు దరఖాస్తు పంపాలి. అందులో ఈ సబ్జెక్టు ఎందుకు అని తన మాటల్లో రాయాలి. నా తొమ్మిది వందల రియాళ్ల సంగతి రాయొచ్చా అని అడిగింది. సరే అన్నాను.

కాని ఒకటి తనకు చెప్పలేదు. 2014కు నేను ఫోర్‌మన్ అయ్యాను. నా గ్యాంగులో ఒక మేస్త్రి ఉండేవాడు, టైల్స్ పనిలో అతనంత చేయి నేను మళ్లీ చూడలేదు. వేరే కంపెనీ పిలిచింది. ఆఫీసు వాళ్లు నన్ను అడిగారు, ఇతన్ని పంపిద్దామా అని. టవర్ హ్యాండోవర్ దగ్గర్లో ఉంది. వద్దన్నాను. అతనికి కంపెనీయే ఒప్పుకోలేదని చెప్పాను. "మీరైనా అడిగినారు కదన్నా, అదే చాలు" అన్నాడు.

పాప ఈ ఎపిసోడ్ వింటుంది. విన్నాక అడుగుతుంది. డెలివరీ నోట్ మీద ఆ గీతలో నేను ఏ వైపు ఉన్నానో అడిగితే, రెండు వైపులా అని చెప్పాలి.

ఉంటాను మరి. నమస్తే.