పాత జీపునకు జీర్ణోద్ధరణము



శిథిలమైన దేవాలయమును మరల నిలువబెట్టుటకు మన పెద్దలు జీర్ణోద్ధరణమని పేరు పెట్టిరి. ఆ మాటలో రెండు ధర్మములు ఇమిడి యున్నవి. జీర్ణించిన భాగమును జీర్ణించినదని ఒప్పుకొనుట మొదటిది. పూర్వరూపము చెడకుండ దానిని ఉద్ధరించుట రెండవది. గోడలు బీటలు వారి యుండగా గోపురమునకు సున్నము కొట్టుట జీర్ణోద్ధరణము కాదు. ఉన్నదంతయు పడగొట్టి క్రొత్తది కట్టుటయు జీర్ణోద్ధరణము కాదు. ఈ ధర్మములు ఒక పాత మోటారు బండికి ఎట్లు వర్తించునో నేడు మనవి చేయదలచితిని. ఆ బండి మనకందరకు తెలిసిన జీపు.

జీపు యుద్ధకాలమున పుట్టినది. దారి లేని చోట్లకును పోగల తేలిక బండి కావలెనని అమెరికా సైన్యమువారు 1940లో కోరగా, బాంటమ్ అను చిన్న కంపెనీ పక్షమున కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు దాని నమూనా గీసెను. ఆ సెప్టెంబరులోనే మొదటి బండి సైన్యమునకు అందెను. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలవారు యుద్ధము ముగియునాటికి ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేసిరి. మన దేశమున 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అను పేర వెలసి, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన కంపెనీవారు విల్లీస్ జీపుల విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్చి అమ్మిరి. పిమ్మట ఇచ్చటనే తయారు చేసిరి.

మా చోడవరము చెరకు పండు సీమ. 2022వ సంవత్సరము వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, నేడు అనకాపల్లి జిల్లాలో నున్నది. వడ్డాది, మాడుగుల మీదుగా పోయి గరికబంద దాటినచో పాడేరు కనుమదారి మొదలగును. పాడేరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. తారురోడ్లు లేని కాలమున ఆ కొండపల్లెలకు వైద్యుడు పోవలెనన్నను, సర్వేవారు పోవలెనన్నను జీపే ఆధారము. దాని నాలుగు చక్రములకును ఇంజను బలము అందించవచ్చును. గేరుపెట్టె వెనుక మరియొక చిన్న పెట్టె కలదు. దానిలో తక్కువ వేగపు మెట్టు వేసినచో చక్రము మెల్లగా తిరుగును గాని దాని బలము సుమారు రెండున్నర రెట్లగును. ఎక్కుటకును, అంతకంటె ముఖ్యముగా దిగుటకును, ఆ మెట్టే కొండదారిలో రక్ష.

నా పూర్వ విద్యార్థి యొకని యింట అట్టి జీపు ఒకటి ఇరువది యేండ్లుగా పశువులపాకలో మూలబడి యుండెను. అది వాని తండ్రిగారు నడపినది. తల్లిగారికి డెబ్బది దాటినవి. భర్త జీవించి యున్ననాడు ఆ జీపులోనే కొండల మీదుగా భద్రాచలము పోయి రావలెనని దంపతు లనుకొనిరట. అది సాగలేదు. తల్లి కోరిక తీర్చవలెనని కుమారునకు సంకల్పము కలిగెను. వార్త తెలిసి ఇద్దరు వచ్చిరి. ఒకడు పాత ఇనుము కొనువాడు. తూకము వేసి సొమ్మిత్తుననెను. ఇంకొకడు పట్టణమున రంగులు వేయువాడు. పది దినములలో పెండ్లికొడుకువలె చేసి యిత్తుననెను. మూడవవాడు మా యూరి మేస్త్రీ. చిన్ననాటినుండి చెరకుగానుగ ఇంజనుల మరమ్మతులో చేయి తిరిగినవాడు. అతడు బండి చుట్టును ఒకసారి తిరిగి, "ముందు ఆగడం చూద్దాం బాబూ, నడవడం తరవాత. రంగు ఆఖర్న" అనెను. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. ఆ పాకలో ఆరు మాసములు కూర్చుండి చూచిన పనిని, మేస్త్రీ చెప్పిన కారణములను మీకు వినిపించుచున్నాను.

ఆలయమున పని మొదలిడుటకు పూర్వము దేవుని బాలాలయమునకు చేర్చుట ఆచారము. దేనికి దాని స్థానము చెడరాదు. బండి విప్పుటయు అట్టిదే. మేస్త్రీ విప్పిన ప్రతి మరను చీటీ కట్టి డబ్బాలో వేసెను. నా విద్యార్థి కుమారుడు పదునాలుగేండ్ల బాలుడు ప్రతి తీగను ఊడదీయుటకు ముందు సెల్‌ఫోనుతో బొమ్మ తీసి యుంచెను. నెలల తరువాత కూర్చునప్పుడు మనుష్యుని జ్ఞాపకము చాలదు.

మొదట చూడవలసినది ఛాసీ, అనగా బండికి వెన్నెముక. చిన్న సుత్తితో అడుగడుగునను తట్టి చూడవలెను. గట్టి ఇనుము గంటవలె పలుకును. త్రుప్పు తిన్నచోట పగిలిన కుండ చప్పుడు వచ్చును. కమానుపట్టీలు తగిలించు కొక్కెముల దగ్గర బురద నిలుచును. అచ్చటనే త్రుప్పు హెచ్చు. ఛాసీ చాలమేర పోయినచో ఆ బండికి ఖర్చు పెట్టుట వృథా. ఈ బండిలో రెండు చోట్ల మాత్రము అతుకు వేయవలసి వచ్చెను.

రెండవది బ్రేకులు. పాత జీపులలో బ్రేకు నూనెకు ఒకే మార్గము. కాలితో తొక్కిన ఒత్తిడి ఒకే గొట్టము వెంట నాలుగు చక్రములకును పోవును. ఎచ్చట రబ్బరు చినిగినను నాలుగు బ్రేకులును ఒక్కమారే పోవును. చేతిబ్రేకు చక్రములకు కాక, గేరుపెట్టె వెనుక తిరుగు ఇరుసునకు పట్టును. అది నిలిచిన బండిని పట్టియుంచుటకే గాని పరుగెత్తు బండిని ఆపుటకు తగినది కాదు. మరియు బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన నూనె కనుమ దిగునప్పటి వేడికి మరిగి బుడగలు కట్టును. అప్పుడు కాలు నేలకంటినను బండి ఆగదు. అందుచే పాత నూనె నంతయు వదలి క్రొత్తది పోయవలెను. దానిని రెండేండ్ల కొకసారి మార్చుట మంచిది.

మూడవది స్టీరింగు. ముందు చక్రములు తిరుగు కీలులలోని బేరింగు లరిగినచో ఒక వేగము వచ్చుసరికి చక్రములు గడగడ వణకును. చక్రమును పైకెత్తి చేతితో ఊపి చూచినచో కదలిక తెలియును. టైర్ల విషయమున కన్ను మోసగించును. గాట్లు నిండుగ నున్నను రబ్బరునకు వయస్సు కలదు. టైరు ప్రక్కన నాలుగంకెలు అచ్చువేసి యుండును. 2419 అని యున్నచో 2019వ సంవత్సరపు 24వ వారమున పుట్టినదని అర్థము. కనుమ దిగు బండికి ముసలి టైరు పనికిరాదు.

నాలుగవది ఇంజను. ఇరువది యేండ్లు నిలిచిన ఇంజనును ఒక్కమారు తిప్పరాదు. సిలిండర్లలో కొంచెము నూనె పోసి రెండు దినములు నాననిచ్చి, చేతితో మెల్లగా తిప్పి చూడవలెను. నీరు తిరుగు దారులలోను రేడియేటరులోను గార కట్టి యుండును. అది తీయనిచో ఎక్కుడు దారిలో ఇంజను కాగిపోవును. పెట్రోలు తొట్టి డ్రైవరు ఆసనము క్రిందనే యుండును గనుక అది కారకుండుట ప్రాణావసరము. ఇచ్చట మన సీమకు చేరిన విశేష మొకటి కలదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలుపుట సాగినది. అది చెరకునుండియు, ధాన్యమునుండియు తీయు స్పిరిటు. మన పొలమున పండు చెరకే మన బండికి ఇంధనమగుట సంతోషమే. కాని ఆ స్పిరిటు పూర్వకాలపు రబ్బరు గొట్టములను మెత్తబరచును. కావున పెట్రోలు గొట్టములను, కార్బురేటరులోని రబ్బరులను, నేటి ఇంధనమునకు తాళునట్టివానిని వేసికొనవలెను.

ఇన్ని మార్చిన పిదప ఇది ఆ పాత జీపేనా యని ఎవరైన అడుగవచ్చును. మన ఇండ్ల ఎడ్లబండిని చూడుడు. ఆకులు మార్చుదుము, ఇనుపపట్టా మార్చుదుము, ఇరుసు మార్చుదుము. అయినను అది తాతగారి బండియే. ఆకారము, వాడుక, ఇంటివారి చేయి నిలిచినంతకాలము వస్తువు నిలిచినట్లే. చట్టమును ఈ మూలరూపమును పాటించినది. 2021లో కేంద్రప్రభుత్వమువారు చేసిన నియమముల ప్రకారము, ఏబది యేండ్లు దాటి, మూలరూపమున నుండి, ఛాసీకి గాని ఇంజనునకు గాని పెద్ద మార్పు చేయని సొంత వాహనము వింటేజి వాహనముగా నమోదగుటకు తగును. మొదటి నమోదునకు 20,000 రూపాయలు రుసుము. కాని అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, పాతబండ్ల యాత్రలకు, ఇంధనము పోయించుట, మరమ్మతు మొదలగు పనులకే నడపవలెను, నిత్యము వాడరాదు. యాత్రకు పోదలచినవారు సాధారణపు నమోదునే నిలుపుకొని, పదునైదేండ్లు దాటిన బండికి తనిఖీ చేయించి ఐదేండ్ల కొకసారి పునరుద్ధరించుకొనుట మేలు. మా విద్యార్థి అట్లే చేసెను.

బండి సిద్ధమైనది. శ్రీరామనవమికి భద్రాచలము చేరవలెనని ఇంటివారి తొందర. మేస్త్రీ మూడు పరీక్షలు విధించెను. మొదటిది ఊరిలో. రెండవది అనకాపల్లికి పోయి వచ్చుట. మూడవది ఎవరిని ఎక్కించుకొనక పాడేరు ఎక్కి దిగుట. మొదటి రెండును నెగ్గెను. మూడవనాడు కనుమ సగము దిగుసరికి ముందరి ఎడమ చక్రము చేయి పెట్టరానంత కాగెను. బండిని నిలిపి, చల్లారనిచ్చి, తక్కువ మెట్టులో నడకవేగమున ఇంటికి తెచ్చిరి. విప్పి చూడగా కారణము తెలిసెను. చక్రమునకు పోవు రబ్బరు గొట్టములలో ఒకటి పైకి నిగనిగలాడుచుండెనని, ఖర్చు తగ్గునని నా విద్యార్థి మార్పించక వదలెనట. అది లోపల ఉబ్బి దారి పూడెను. తొక్కినప్పుడు నూనె పోవును గాని కాలు తీసినప్పుడు తిరిగి రాదు. బ్రేకు పట్టినది పట్టినట్లే యుండును. ఆ గొట్టము వెల రెండు సినిమా టిక్కెట్ల వెల. ఆ చక్రముమీద మరుసటి వారము కూర్చుండవలసినది వాని తల్లి.

నాడు మేస్త్రీ చెప్పినది నా కిప్పటికిని శాస్త్రవాక్యము. బండి పైతొడుగు, ఆసనము, దీపములు, తండ్రిగారు పట్టిన స్టీరింగు చక్రము, ఇవి యెంత పాతవైన ఉంచుకొనుడు, అవి జ్ఞాపకములు. బ్రేకులో మాత్రము పాతదానిపై ప్రేమ కూడదు. నవమి దాటిపోయెను. కుమారుడు చిన్నబోయి తల్లికి చెప్పగా ఆమె, "రాముడెక్కడికీ పోడు. బాగుచేసే తీసుకెళ్లు" అనిరి. వానలు వెడలి, మార్గశిరమున, మరల కనుమ పరీక్ష యైన పిదప, వారు పాడేరు, చింతపల్లి, గూడెము కొత్తవీధి, సీలేరు, డొంకరాయి, చింతూరు మీదుగా భద్రాచలము చేరి సీతారాములను సేవించి వచ్చిరి. ఆ దారిలో బండ్ల పనివారు దొరకుట అరుదు. అందుచే అదనపు చక్రము, ఫ్యానుబెల్టు, నీరు, బ్రేకు నూనె, పనిముట్లు తీసికొని, పగటివేళ మాత్రమే నడపిరి.

ఇట్టి శ్రద్ధ మన యూరిలోనే కలదని తలపవలదు. 1955లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు లాండ్ రోవరు బండ్లలో లండనునుండి బయలుదేరి, మన దేశము మీదుగా, మరుసటి యేడు సింగపూరు చేరిరి. వానిలో ఆక్స్‌ఫర్డు అను బండి కాలక్రమమున శిథిలమై, అట్లాంటిక్ సముద్రములోని సెంట్ హెలీనా ద్వీపమున దొరకెను. దానిని ఇంగ్లండు చేర్చి, మూలభాగములను వీలైనంత నిలిపి, బాగుచేసిరి. 2019లో అది సింగపూరునుండి లండనునకు తిరుగుప్రయాణము చేసెను. మొదటి యాత్రలో నుండిన టిమ్ స్లెస్సరుగారు ఎనుబది దాటిన వయస్సున మరల బయలుదేరగా, ఆరంభముననే జబ్బుపడిరి. వారి చోట మనుమడు నాట్ జార్జి కూర్చుండి యాత్ర పూర్తి చేసెను.

మా పాకలోని బాలుడును ఒక పుస్తకము వ్రాసియుంచెను. ఏనాడు ఏమి విప్పిరి, ఏమి మార్చిరి, మరల ఎప్పుడు చూడవలెను అని అందు కలదు. రాబోవు మరమ్మతునకు మేస్త్రీ యుండునో లేదో; ఆ పుస్తకము, దానిని వ్రాసిన చేయి యుండును. కావున మీ పాకలలో ఇట్టి బండి యున్నచో తూకపువానిని, రంగులవానిని పిలువకముందు మేస్త్రీని పిలువుడు. ఆయన ప్రక్కన ఇంటి పిల్లవానినొకని కూర్చుండబెట్టుడు. బండి ఛాసీ పోయి ఉద్ధరింపరానిదైనచో దానిని విడిచిపెట్టుటకు సందేహింపకుడు. ఉద్ధరింపదగినదైనచో ఆపుట నేర్పి, పిదప నడపుడు.