రంగుల పొత్తు, కుట్టులో లెక్క



నిజామాబాద్‌లో చదువుకుంటున్న మన పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు: "అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌లో చెట్టు ఉండదు, మనిషి ఉండడు. మరి చూడాల్సింది ఏముంది?" చూడాల్సినవి రెండు. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టారు, దేనికి ఎంత చోటు ఇచ్చారు. ఈ రెండూ మన యాడీలు కుట్టిన ఫేటియాలో, కాంచళిలో ఉన్నాయి.

ముందు రంగు సంగతి. బోధన్ వైపు చెరకు తోటల్లో ఎర్ర టుక్రి వేసుకున్న అవ్వ ఎంత దూరాన ఉన్నా కనబడుతుంది. పచ్చదనం పక్కన ఎరుపు మరింత ఎర్రగా తోస్తుంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో నల్ల దారం వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. అద్దకాల అధికారి షెవ్రెల్ పరీక్షించి, లోపం అద్దకంలో లేదు, పక్కనున్న రంగుల వల్లే అలా కనబడుతోందని తేల్చాడు. 1839లో ఆ సూత్రాన్ని పుస్తకంగా వేశాడు. చిత్రకారులు దాన్ని చదివి నేర్చుకున్నారు. అంటే ఆ పాఠం దారం నుంచే బొమ్మలోకి వచ్చింది.

ఇక కొలత. జోసెఫ్ ఆల్బర్స్ 1950 నుంచి 1976లో చనిపోయేదాకా చదరంలో చదరం పెట్టి వందల చిత్రాలు వేశాడు. లోపలి చదరం నడిమధ్యన ఉండదు. కింద ఒక వంతు వదిలితే, రెండు పక్కలా రెండేసి వంతులు, పైన మూడు వంతులు. కిందా పైనా కలిపితే నాలుగు, పక్కలు కలిపినా నాలుగే. అందుకే చదరం చదరంగానే నిలుస్తుంది. ఆయన భార్య ఆనీ ఆల్బర్స్ నేత కళాకారిణి. 1965లో నేత మీద రాసిన పుస్తకాన్ని ఆమె ప్రాచీన పెరూ నేతగాళ్లకు, తన గురువులని చెప్పి, అంకితమిచ్చింది.

మన యాడీలను మనం అలా గురువులని పిలిచామా? పాత ఫేటియాలు ముక్కలై సంచులుగా, దిండు గలీబులుగా అమ్ముడవుతున్నాయి. ముక్కను చూస్తే కుట్టు తెలుస్తుంది. అంచుకు ఎంత, నడుమకు ఎంత అనే లెక్క తెలియదు. ఆ లెక్క ఎక్కడా రాసి లేదు, కుట్టిన చేతుల్లోనే ఉంది.

కాబట్టి ఈ సెలవుల్లో తండాకు పోయేటప్పుడు స్కేలు, గ్రాఫ్ పేపరు పట్టుకుపోదాం. అంచు వెడల్పు, అద్దానికీ అద్దానికీ మధ్య దూరం, రంగుల వరుస రాసుకుందాం. అదే నమూనాలో ఒక్క రంగు మార్చి మళ్లీ గీద్దాం. తక్కిన రంగులు కూడా మారినట్టు కనబడితే మొదటి పాఠం వచ్చినట్టే. ఆమె ఒప్పుకుంటే, కుట్టిన యాడి పేరు కాగితం మీద ముందుగా రాద్దాం.