మోకాటి వెనుక ధమని యుబ్బు – దాని చికిత్సలు
(వార్షిక మహాసభయందు ఆరోగ్యోపసంఘము పక్షమున గావింపబడిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, ఉపకారవేతనములను గూర్చియు వినవచ్చిన మీ యెదుట కాలిలోని రక్తనాళమును గూర్చి మాటలాడ నిలిచితిమి. ఇందులకు హేతువు మన సంఘపు లెక్కల పుస్తకముననే కలదు. మన సహాయనిధినుండి దివిసీమకు చెందిన యొక వృద్ధరైతునకు కృత్రిమపు కాలు కొనుటకై ధనమిచ్చితిమి. ఇచ్చుట ధర్మమే. కాని యా కాలు పోవుటకు ముందు రెండేండ్లపాటు ఆయన మోకాటి వెనుక నొక గడ్డ నాడివలె కొట్టుకొనుచుండెను. వాతపుగడ్డ యని నూనె రాచిరి, కాపడము పెట్టిరి. ఒకనాటి వేకువను పాదము చల్లబడి, పాలిపోయి, స్పర్శ తప్పినది. మరునాటికి గాని పట్టణము చేరలేదు. అప్పటికి పిక్కలోని కండ చచ్చియుండుటచే తొడవఱకు కాలు తీసివేసిరి. పిదప వైద్యులు రెండవ మోకాటి వెనుక వ్రేళ్లుంచి చూడగా అచటను అదే యుబ్బు కనబడినది. దానిని సకాలమున బాగుచేసిరి. నేడాయన నిలిచియున్నది ఆ కాలిమీదనే.

ఒకే మనుష్యుని రెండుకాళ్లకు రెండు గతులు పట్టినవి. వైద్యవృత్తిలో నున్న మేము దీనిని మీకు విన్నవింపక యుండుట తగదని తోచినది.

వ్యాధిస్వరూపము కాలువగట్లపై పెరిగిన మనకు సులభముగనే బోధపడును. బెజవాడ నడుమ బందరుకాలువ, ఏలూరుకాలువ, రైవస్ కాలువ పారుట చూచినవారము. కట్ట మెత్తబడినచోట నీటి యొత్తిడికి అది వెలుపలికి పొంగును. తొడనుండి దిగు ప్రధాన ధమని మోకాటి మడతకు వెనుకగా పోయి, పిక్కలో మూడు పాయలగును. ఆ మడతచోట గోడ బలము తప్పి సంచివలె సాగుటను వైద్యులు ఎన్యూరిజమందురు. సామాన్యముగా సెంటీమీటరునకు అటునిటుగా నుండు నాళము రెండు, మూడు సెంటీమీటర్లకు పెరుగును. కాలువకు గండిపడుటయే మనకు భయము; ఈ ధమని పగులుట మాత్రము అరుదు. ఇచటి యాపద వేఱు. సంచిలో రక్తము మందగించి, సుడులు తిరిగి, గోడనంటి గడ్డకట్టును. ఆ గడ్డ పెరిగి దారిని మూసివేయును; లేదా తునుకలై దిగువకు కొట్టుకొనిపోయి సన్నని పాయలను పూడ్చును. మేటవేసిన పిల్లకాలువ క్రింది చేనివలె పాదము ఎండిపోవును.

ఈ రోగులలో 100 మందికి 95 మంది వఱకు పురుషులే. అందును పెక్కుమంది అరువదేండ్లు పైబడినవారు. సుమారు సగముమందికి రెండుకాళ్లయందును ఉండును. 100 మందిలో దాదాపు 40 మందికి కడుపులోని బృహద్ధమని సైతము ఉబ్బియుండును; అది పగిలినచో ప్రాణాపాయము. కావున ఒక మోకాటి వెనుక ఉబ్బు కనబడినచో రెండవ కాలిని, కడుపును పరీక్షింపక రోగిని ఇంటికి పంపరాదు. పొగత్రాగుట, రక్తపోటు, వయస్సు – ఇవి ముఖ్యకారణములు. భోజనానంతరము గోదావరి లంకపొగాకు చుట్ట లేనిదే తోచని పెద్దలు ఈ సభయందే కలరని యెఱుగుదుము. వారి కోపమునకు పాత్రులమైనను చెప్పక తప్పదు.

వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలోని సిరాజగ్రంథి ఇదియే యనువారు కలరు. పూర్వము పాశ్చాత్యదేశములయందు దీనికి కాలు కోయుటయే తఱచైన చికిత్స. 1785లో లండను నగరమున జాన్ హంటరను శస్త్రవైద్యుడు ఒక బండి తోలువానికి గడ్డను ముట్టకయే తొడలో ధమనిని దారముతో కట్టివేసెను. చుట్టునుగల చిన్ననాళములు పాదమునకు రక్తము నందింపగలవని ఆయన విశ్వాసము. అట్లే జరిగి, బండివాడు తన కాలితోనే యిల్లు చేరెను. 1906లో మాడ్రిడు నగరమున హొసే గోయానెస్ ఉబ్బిన ధమనికి బదులుగా రోగి సిరనే మార్గముగా అమర్చెను. నేటి శస్త్రచికిత్స ఆ త్రోవనే నడచుచున్నది.

ఇక నేటి చికిత్సలు. ఉబ్బు 2 సెంటీమీటర్లకు లోబడి, లోపల గడ్డలేక, బాధలేనిచో సామాన్యముగా కత్తితో పనిలేదు. నియమితకాలమునకు డాప్లరు పరీక్ష చేయించుకొనుచు, పొగ మాని, రక్తపోటును, కొలెస్టరాలును అదుపుననుంచి, వైద్యుడు చెప్పిన మందులు వాడవలెను. 2 సెంటీమీటర్లు చేరినచో చికిత్సను గూర్చి ఆలోచింపవలయును. గడ్డ తునుకలు దిగువకు పోవుచున్న చిహ్నములున్నచో అంతకంటె చిన్నదియైనను ఉపేక్షింపరాదు. రోగి మిక్కిలి దుర్బలుడై, లోపల గడ్డ లేనిచో 3 సెంటీమీటర్లవఱకు వేచియుండుటయు కలదు.

చికిత్సామార్గములు ముఖ్యముగా రెండు. మొదటిది శస్త్రచికిత్స. ఉబ్బునకు పైనను క్రిందను ధమనిని కట్టివేసి, రోగి కాలినుండియే తీసిన సిరతో ప్రక్కదారి కల్పింతురు. గండిపడిన కాలువకు మళ్లింపుకాలువ త్రవ్వుట వంటిదే యిది. ఉబ్బు మరీ పెద్దదై నరములనొత్తుచున్నచో మోకాటి వెనుకనుండి కోసి, సంచిని తెఱచి, అందులో రక్తము చేర్చు చిన్నశాఖలను కుట్టివేసి, నడుమ నాళమును అతుకుదురు. సిర దొరకనిచో కృత్రిమనాళము వాడుదురు గాని మోకాటి దిగువను సిరకు సాటియైనది లేదు. రోగి కొన్నిదినములు ఆసుపత్రిలో నుండవలయును. గాయము మానుటకు వారములు పట్టును. కాలు వాచుటయు కలదు. కాని చక్కగ చేసినది యేండ్లతరబడి నిలుచును.

రెండవది గజ్జవద్ద ధమనిలో సూదిరంధ్రముగుండ సన్నని గొట్టము పంపి, ఉబ్బులోపల తొడుగుగల స్టెంటును విప్పుట. కోత స్వల్పము, ఒకటి రెండు దినములలో ఇల్లు చేరవచ్చును. గుండెజబ్బుచే పెద్ద శస్త్రచికిత్సకు తాళలేని వృద్ధులకు ఇది వరము. అయితే ఉబ్బునకు పైనను క్రిందను స్టెంటు పట్టుకొనుటకు మంచి నాళముండవలెను. పిక్కలోని పాయలలో ఒకటియైనను బాగుగ పారుచుండవలెను. రక్తము గడ్డకట్టకుండ మందులు చిరకాలము మానక మ్రింగవలెను.

ఇచట మనవారు శ్రద్ధగ వినవలసినది యొకటి కలదు. మోకాలు వంగినప్పుడెల్ల స్టెంటు వంగును. కుర్చీపై కూర్చుండి, బల్లపై భుజించు దేశములవారి మోకాలు వేఱు, మన మోకాలు వేఱు. మనము బాసిపెట్లు వేసికొని విస్తరిముందు కూర్చుందుము. గొంతుకూర్చుండి కలుపు తీయుదుము. గట్టుమీద గంటలకొలది గొంతుకూర్చుండి నీరు కట్టుదుము. అట్టి మడతలో స్టెంటు నలుగుటకును, విఱుగుటకును, మూసికొనుటకును అవకాశము కలదు. కావున ఇంకను పొలముపని చేయుచు, పెక్కేండ్లు జీవింపదగిన రైతునకు మంచి సిరయున్నచో శస్త్రచికిత్సయే మేలని మా యభిప్రాయము. రక్తనాళ వైద్యసంఘముల మార్గదర్శనములును సామాన్యముగా ఈ ప్రక్కకే మొగ్గుచున్నవి. కుట్టు చిన్నదియనియు, సెలవు తక్కువయనియు మాత్రమే విని కుమారులు స్టెంటునకు తొందరపడుచున్నారు. తండ్రి యెట్లు కూర్చుండునో, యే పని చేయునో వైద్యునకు ముందుగ చెప్పవలెను.

గడ్డ దారిని మూసివేసినచో కథ మాఱును. పాదము ఉన్నట్లుండి చల్లబడి, నొప్పి పుట్టి, తిమ్మిరెక్కి, వ్రేళ్లు కదలనిచో గంటలే గడువు. సుమారు 6 గంటలు దాటిన కొలదియు కండ చచ్చుచుండును. వెంటనే హెపారిన్ ఇచ్చి, కాలిలో ప్రాణమున్నంతలో గడ్డ కరగు మందును గొట్టము ద్వారా ధమనిలోనికి పంపుటయో, శస్త్రముచే గడ్డ తీసి ప్రక్కదారి కల్పించుటయో చేయుదురు. పిక్కలో వాపు బిగిసినచో పైపొరలను చీల్చి యొత్తిడి తగ్గింపవలసివచ్చును. మర్దనము చేయుట, వేడికాపడము పెట్టుట, వాతలు వేయుట – ఇవన్నియు హానికరములు. కొట్టుకొను గడ్డకు సూదిగుచ్చి చూచుటయు, చీముగడ్డ యని కోయుటయు ప్రమాదము.

గజ్జలోని ధమనియు ఉబ్బవచ్చును. గుండెపరీక్షకై గొట్టము పెట్టినచోట వచ్చు మిథ్యాసంచికి డాప్లరు చూచుచు త్రాంబిన్ మందును ఎక్కించుటచే పలుమాఱు నయమగును.

ఈ పరీక్షలను గూర్చి మనవారికి బెదరు అక్కఱలేదు. డాప్లరులో సూదియు లేదు, కోతయు లేదు. బెజవాడలో సులభముగ లభించును. ఎక్స్‌రే శాస్త్రమున దేశాంతరఖ్యాతి గడించి, హైదరాబాదు నిమ్స్‌కు అధిపతియైన డాక్టరు కాకర్ల సుబ్బారావుగారు (1925–2021) ఈ కృష్ణాజిల్లా పెదముత్తేవిలో జన్మించినవారే. శరీరమును కోయక లోపల చూచు విద్య మన గడ్డకు పరాయిది కాదు. ఖర్చు విషయమున 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనబడు ప్రభుత్వపథకము కలదు. ఏ చికిత్సకు వర్తించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి తెలిసికొనవలెను.

విషయనిర్ణాయకసభ యెదుట మేముంచిన తీర్మానము చిన్నది. ప్రతివార్షిక మహాసభయందును భోజనశాల ప్రక్కగది నొకదానిని విడిచి, అరువదేండ్లు దాటిన పురుషులందఱి మోకాళ్ల వెనుకను, కడుపును వైద్యులు చేతితో తడవి చూడవలెను. అనుమానమున్నవారికి డాప్లరు వ్యయమును సహాయనిధి భరింపవలెను. ఒక్క కృత్రిమపు కాలికి మనమిచ్చిన ధనముతో ఎందఱికి ఈ పరీక్ష జరుగునో కోశాధికారిగారు లెక్కవేసి రేపటి సభలో చదివెదరు. మహారాజపోషకులు ఆ లెక్క విన్న పిదపనే తమ విరాళమును ఏ పద్దున వ్రాయింపవలయునో నిర్ణయింప ప్రార్థించుచున్నాము. ఈ సాయంకాలమే వసతిగృహపు రెండవగదిలో మేమును, మఱి యిద్దఱు వైద్యులును కూర్చుందుము. చుట్ట త్రాగువారు ముందుగ రావలెను.