కొమ్ము చూసి మోసపోవద్దు
(సైనిక్‌పురిలో పాల ఉత్పత్తిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెంటకుప్ప దగ్గర నల్లగా నిగనిగలాడే కొమ్ము పురుగు కనబడితే చాలు, కాలితో తొక్కేస్తాం. కాని ఆ రూపంలో రెండు వేరువేరు జాతులున్నాయి. ఒకటి కొబ్బరికి శత్రువైన ఒరిక్టిస్ రైనోసెరస్. మనం కొమ్ముపురుగు అనేది దీన్నే. రెండవది కాథార్సియస్ మొలోసస్ అనే పెద్ద పేడపురుగు. ఇది మన మిత్రుడు. దీనికీ కొమ్ముంటుంది కనుక కొమ్మును బట్టి తీర్పు చెప్పరాదు.

మరి గుర్తించడమెలా? మొదట తల చూడండి. పేడపురుగు తల ముందుభాగం పారలాగా వెడల్పుగా, పలుచగా ఉంటుంది. కొమ్ముపురుగుకు అట్టి పార లేదు. తరువాత వీపు చూడండి. రెండు రెక్కల పెంకులు కలిసే చోట, మెడ పెంకుకు వెనుకగా, కొమ్ముపురుగుకు చిన్న ముక్కోణపు బిళ్ళ స్పష్టంగా కనబడుతుంది. ఈ పేడపురుగుకు అది కనబడదు. ఆకారంలో కొమ్ముపురుగు పొడుగు, పేడపురుగు పొట్టి, గుండ్రన. ఆడ కొమ్ముపురుగు తోక చివర ఎర్రని నూగు గుత్తి కూడా ఉంటుంది.

పిల్లపురుగుల తేడా మరింత సులభం. మాగిన ఎరువులో విడిగా, వంకర తిరిగి పడివుండే లావుపాటి తెల్ల పురుగు కొమ్ముపురుగుది కావచ్చు. పేడపురుగు పిల్ల మాత్రం నేలలోపల పేడ ఉండలో పెరుగుతుంది.

సైనిక్‌పురి ఇళ్ళ ఆవరణల్లో కొబ్బరిచెట్లున్నాయి. మన ఎరువుతోపాటు తెల్ల పురుగులు కూడా ఆ తోటలకు చేరితే, అవి పెద్దవై మొవ్వును తొలుస్తాయి. విచ్చుకున్న మట్ట కత్తెరతో కోసినట్టు కనబడుతుంది. కాబట్టి ఎరువు తిరగేసినప్పుడల్లా ఈ పురుగులను ఏరి చంపండి. మెటారైజియం అనే పచ్చబూజు మందును ఎరువులో కలిపినా అవి చస్తాయి.

పేడపురుగును మాత్రం వదిలేయండి. అది పేడను నేలలోకి దించి సారం పెంచుతుంది, ఈగలకు గుడ్లు పెట్టే చోటు లేకుండా చేస్తుంది. ఆస్ట్రేలియాలోని దేశవాళీ పేడపురుగులకు పశువుల పేడ అలవాటు లేక, పచ్చికబయళ్ళలో పేడ పేరుకుపోయి ఈగలు ప్రబలాయి. అందుకే అక్కడి సి.యస్.ఐ.ఆర్.ఓ. సంస్థ 1960ల చివరి నుండి ఆఫ్రికా తదితర ప్రాంతాల పేడపురుగులను తెప్పించి వదిలింది. వారు కష్టపడి తెచ్చుకున్నది మనకు ఉచితంగానే ఉంది.

ఇంకొక మాట. ఐవర్‌మెక్టిన్ మందు వేసిన పశువు పేడలో పేడపురుగు పిల్లలు బ్రతకవు. కనుక ఆ మందును పశువైద్యుడు చెప్పినప్పుడే వాడండి.

తొక్కేముందు ఒక్కసారి తల, వీపు చూడండి.