జ్వరం తగ్గింది కదా, ఇంకా మాత్రలు ఎందుకండీ?



మొన్న వార్డులో ఒక పెద్దావిడ నన్ను ఇలా అడిగారు: "డాక్టరు గారూ, మా ఆయనకు జ్వరం తగ్గిపోయింది కదండీ, ఇంకా ఈ మాత్రలు ఎందుకు? మిగిలినవి మా మనవడికి దాచుకుంటాను." మీలో చాలామందికి ఇదే సందేహం ఉంటుంది. ఆవిడకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

ఆయన వాడుతున్నది డాక్సీసైక్లిన్. ఈ జాతి మందులకూ మన గోదావరి జిల్లాలకూ సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా పనిచేశారు. అక్కడే ఆయన నాయకత్వంలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త 1945లో మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి బంగారు రంగు మందును కనుగొన్నారు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఈ మందు ఏం చేస్తుంది? బాక్టీరియా బ్రతకాలన్నా, పెరగాలన్నా ప్రోటీన్లు కావాలి. వాటిని తయారుచేసేది రైబోజోమ్. దాన్ని ఒక తాపీమేస్త్రి అనుకోండి. ప్లాను చూస్తూ, కూలీలు అందించే ఇటుకలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తాడు. టెట్రాసైక్లిన్ జాతి మందు సరిగ్గా ఇటుక అందించే చోట అడ్డంగా కూర్చుంటుంది. గోడ లేవదు. అజిత్రోమైసిన్ కూడా రైబోజోమ్ మీదే, మరొక చోట అడ్డుపడుతుంది. అమికాసిన్ ఇంజెక్షన్ అయితే మేస్త్రి చేత ప్లాను తప్పుగా చదివిస్తుంది. మన కణాలలోని మేస్త్రి ఆకారం వేరు గనుక తగిన మోతాదులో మనకు ఆ అడ్డు అంతగా తగలదు. రైబోజోమ్ నిర్మాణాన్ని వివరంగా చూపినందుకే వెంకట్రామన్ రామకృష్ణన్ గారికి, మరో ఇద్దరికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. డాక్సీసైక్లిన్ ముఖ్యంగా బాక్టీరియా పనిని ఆపుతుంది. ఆగిపోయిన వాటిని ఏరివేసేది మన ఒంటిలోని రక్షణ శక్తి. దానికి కొన్ని రోజులు పడుతుంది. జ్వరం తగ్గిందంటే రోగం పూర్తిగా పోయిందని కాదు. మందు మధ్యలో మానేస్తే మిగిలిన బాక్టీరియా మళ్లీ పని మొదలుపెట్టవచ్చు.

అలాగని అవసరం లేనప్పుడు వాడకూడదు. జలుబు, డెంగీ వంటివి వైరస్ వల్ల వస్తాయి. వైరస్‌కు సొంత రైబోజోమ్ లేదు. అది మన మేస్త్రి చేతనే పని చేయించుకుంటుంది. కాబట్టి ఈ మందు దానిని ఆపలేదు. పైగా ఊరకే వాడిన కొద్దీ మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. చేలో నీటిని ఇంజను తోడేసినట్లు కొన్ని బాక్టీరియాలు మందును బయటకు తోడేస్తాయి.

మిగిలిన మాత్రలు మనవడికి దాచవద్దు. ఈ జాతి మందులు ఎదిగే పిల్లల పళ్ల రంగు మార్చగలవు. పిల్లలకు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో డాక్టరే నిర్ణయించాలి. గర్భిణీలు ఆ సంగతి ముందే చెప్పాలి.

డాక్సీసైక్లిన్ మాత్రను కూర్చుని, నిండు గ్లాసు నీళ్లతో మింగించండి. వెంటనే పడుకోనివ్వవద్దు. పాలు, ఐరన్, కాల్షియం, గ్యాస్ మందులతో కలిపి ఇవ్వవద్దు. ఒంటిపై దద్దుర్లు గానీ, ఆయాసం గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

అంతా విని ఆ పెద్దావిడ మందుల చీటీ తీసి లెక్క చూసుకున్నారు. "ఇంకా నాలుగు రోజులండి" అన్నారు. మీరూ చీటీలో రాసినన్ని రోజులు వాడించండి. సందేహం ఉంటే మొహమాటపడకుండా అడగండి. సెలవు.