కుండిమాన్ రాణి ఆతంగ్ దె లా రామా

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఫిలిప్పైన్స్ వెళ్ళొచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. మా మనవడు అక్కడ వైద్యవిద్య చదివాడు. వాడు పట్టా పుచ్చుకునేటప్పుడు నేనూ, మా ఆవిడా వెళ్ళి మూడు వారాలున్నాం. చూసిన ఊళ్ళూ, తిన్న తిండీ ఏకరువు పెడితే మీకు విసుగు. అందుకని ఒక గాయని గురించి మాత్రం చెబుతాను.

మనవడు అద్దెకున్న ఇంటావిడ మనలాగే పెన్షనరు, బడిపంతులమ్మగా చేసి రిటైరయింది. సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోస్తూ ఏదో కూనిరాగం తీసేది. మొదటిరోజు ఆవిడ ఏడుస్తోందేమోనని మా ఆవిడ కంగారుపడింది. అడిగితే నవ్వి, "ఇది కుండిమాన్, మా ప్రేమపాట" అంది.

కుండిమాన్ తగలాగు భాషలోని పాట. మూడు దెబ్బల తాళం మీద నిదానంగా నడుస్తుంది. మొదటి సగం దిగులుగా ఉంటుంది, తర్వాత సగంలో రాగం తేరుకుంటుంది. సంగీతం తెలిసినవారికి చెప్పాలంటే, సాధారణ గాంధారంతో మొదలైన పాట నడిమధ్యలో అంతర గాంధారానికి మారినట్టు ఉంటుంది. ప్రియురాలి కాళ్ళ మీద పడి బతిమాలే ప్రియుడి పాట అది. అంతమాత్రమే అయితే నేనిక్కడ ఇంత సమయం తీసుకోను.

ఆ దేశాన్ని స్పెయిన్ వాళ్ళు మూడు వందల ఏళ్ళకు పైగా ఏలారు. 1898లో వాళ్ళు పోయి అమెరికా వాళ్ళు వచ్చారు. స్వాతంత్ర్యం అన్న మాట వేదిక మీద పలికితే రాజద్రోహమన్నారు. నాటకాలు రాసినవాళ్ళను జైల్లో పెట్టారు. 1907లో జాతీయ పతాకం ఎగరేయడాన్ని కూడా చట్టం చేసి నిషేధించారు, 1919 దాకా ఆ నిషేధం ఉంది. అలాంటి రోజుల్లో దేశం పేరెత్తకుండా దేశాన్ని తలుచుకోవడానికి ప్రేమపాట పనికొచ్చింది. అందులో దక్కని ప్రియురాలంటే ఎవరో వినేవాళ్ళకు తెలుసు. పోలీసులకూ తెలిసే ఉంటుంది, కానీ ప్రేమించాడని ఎవరి మీద కేసు పెడతారు?

ఆ కుండిమాన్‌కు రాణి అనిపించుకున్నావిడే ఆతంగ్ దె లా రామా. అసలు పేరు ఓనొరాతా. 1902 జనవరి 11న మనీలాలోని పండాకన్‌లో పుట్టింది. ఏడేళ్ళకే స్పానిష్ సంగీత నాటకాల్లో వేషాలు వేసింది. వాటిని సార్సువేలా అంటారు, మన పద్యనాటకంలో పద్యం ఎలాగో అందులో పాట అలాగ. క్రమంగా అవి తగలాగులో రాయడం మొదలైంది. 1917లో ఎర్మోహెనెస్ ఇలాగన్ రాసిన 'పల్లెపడుచు' అనే నాటకంలో ఆవిడ నాయిక. అప్పటికి ఆవిడకు పదిహేనేళ్ళు.

కథ ఏమిటంటే, ఆంహెలీతా పూలమ్ముకునే పిల్ల. జూదంలో అప్పులపాలైన తల్లిదండ్రులు ఆ పిల్లను డబ్బున్న ముసలాయనకు కట్టబెట్టాలని చూస్తారు. పిల్ల మనసు మాత్రం లా చదివే కుర్రాడి మీద ఉంటుంది, చివరికి గుట్టుగా అతన్నే పెళ్ళాడుతుంది. "ఇదేదో మన కన్యాశుల్కంలా ఉందే" అంది మా ఆవిడ. అందులో 'పగిలిన కుండ' అనే పాట ఒకటి ఉంది. అది ఆవిడ పేరుతో పెనవేసుకుపోయింది.

1919లో హోసె నెపొముసేనో అనే ఆయన ఆ నాటకాన్నే సినిమాగా తీశాడు. ఫిలిప్పీన్ వాసి తీసిన మొదటి కథాచిత్రం అది. అందులోనూ నాయిక ఆతంగే, అంటే ఆ దేశానికి తొలి సినిమా నాయిక. అయితే అది మూకీ చిత్రం. ప్రఖ్యాత గాయని, ప్రసిద్ధమైన పాట, తెర మీద మాట్లాడని బొమ్మ! ఏం చేశారనుకున్నారు? సినిమా ఆడుతున్న హాల్లోకే ఆవిడ వచ్చి, వాద్యబృందంతో పాటు, తెర మీద తన పెదవులు కదిలే సమయానికి తానే పాడేది. ఆ సన్నివేశం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా ఇవాళ మిగలలేదు.

విచిత్రమేమిటంటే, ఆవిడను నాయికను చేసిన సినిమాయే కొన్నాళ్ళకు ఆవిడ నాటకాన్ని దెబ్బతీసింది. జనం సినిమాలకూ, అమెరికా ఫక్కీ వినోద ప్రదర్శనలకూ మళ్ళారు. మనలో చాలామంది నాటకాలాడిన వాళ్ళున్నారు, ఆ బాధ మీకు నేను చెప్పనక్కరలేదు. ఆవిడ గొణుక్కుంటూ కూర్చోలేదు. ఆ వినోద ప్రదర్శనల్లోనూ కుండిమాన్ పాడింది. మనీలా గ్రాండ్ ఒపేరా హౌస్‌లో పాడిన గొంతుతోనే పల్లెటూళ్ళలో కోడిపందాల బరుల్లో పాడింది. కొండల్లో ఉండే ఏతా, ఇగొరోట్, మంగ్యాన్ జనం దగ్గరికి పాటను మోసుకుపోయింది. హవాయి, న్యూయార్క్, షాంఘై, టోక్యోల్లోనూ కచేరీలు చేసింది. సొంతంగా నాటకాలు రాసి ఆడించింది.

ఇక సంసారం సంగతి. భర్త అమాదో హెర్నాండెజ్ కవి, పత్రికా రచయిత, కార్మిక నాయకుడు. 1932లో పెళ్ళయింది. 1951 జనవరిలో తిరుగుబాటు నేరం మోపి ఆయన్ని జైల్లో పెట్టారు. బెయిలు దొరకడానికి 1956 దాకా పట్టింది. నిర్దోషి అని సుప్రీంకోర్టు తేల్చింది 1964లో. అంటే కేసు తలమీద వేలాడింది పదమూడేళ్ళ పైచిలుకు. ఆయన జైల్లో రాసిన కవితలు తర్వాత పుస్తకంగా వచ్చి గొప్ప పేరు తెచ్చుకున్నాయి. పుస్తకాల్లో ఆయన జైలు గురించే ఎక్కువ ఉంటుంది. ఎడబాటు పాటలు వేల మంది ముందు పాడిన ఆవిడ, ఆ అయిదేళ్ళూ బయట ఎలా గడిపిందో ఎవరైనా విడిగా రాస్తే బాగుండును. నేను చాలాసార్లు అనుకున్న మాట ఇది.

హెర్నాండెజ్ 1970లో చనిపోయాడు. 1973లో ఆయనకు సాహిత్యంలో 'జాతీయ కళాకారుడు' బిరుదు ఇచ్చారు. అది అక్కడి కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం. తీసుకోవడానికి ఆయన లేడు. ఆతంగ్‌కు 1979లో కుండిమాన్ రాణి, సార్సువేలా రాణి అని సన్మానం జరిగింది. నాటకం, సంగీతం రెండింటికీ కలిపి జాతీయ కళాకారిణి బిరుదు వచ్చింది మాత్రం 1987లో, కొరజాన్ అకీనో అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు. అప్పటికి ఆవిడ వయసు 85. ఏరియర్సు ఆలస్యంగా వస్తాయని మనం అనుకుంటాం గానీ, ఈవిడ మొదటి వేషం వేసిన డెబ్బై ఎనిమిదేళ్ళకు వచ్చాయి! నాలుగేళ్ళు ఆ గౌరవం అనుభవించి 1991 జులై 11న కన్నుమూసింది.

మేం బయలుదేరే ముందు సాయంత్రం మా ఆవిడ అడిగితే, ఆ ఇంటి పంతులమ్మ 'పగిలిన కుండ' మొదటి నుంచి చివరిదాకా పాడి వినిపించింది. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. మా ఆవిడ ఊరుకుందా, బదులుగా వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న దంపుళ్ళ పాట పాడింది. ఆ తర్వాత ఇద్దరూ మమ్మల్ని పట్టించుకోకుండా చీకటి పడేదాకా ఒకరికొకరు పాడుకుంటూనే ఉన్నారు. అన్నం నేనూ, మనవడూ వండుకున్నాం.

కార్యదర్శిగారు గడియారం వంక చూస్తున్నారు. భోజనాలు కూడా సిద్ధమైనట్టున్నాయి.